నీళ్లలో ఎనుము

రాత్రి పదకొండుంపావు.
చిత్తూరు చర్చి వీధిలో
స్టూడియో షట్టరు సగం దించి
ఫోన్లో లెన్సును చూస్తా ఉండా.
షోరూములో లక్షా ఎనభై రెండు వేలు,
ఇక్కడ లక్షా ముప్పై నాలుగు.
నడుమ నలభై ఎనిమిది వేలు.

నలభై ఎనిమిది వేలంటే
ఆర్నెల్ల బాడుగ.
లేదంటే చెవులు కుట్టే ఫంక్షన్లు నాలుగు, సీమంతాలు రెండు,
వాటిల్లో ఏడ్చే బిడ్డలందరి ఏడుపూ కలిపి.

మా చిన్నాయన గుర్రప్ప
పలమనేరు సంతలో ఆవుల దళారి.
తువ్వాలు కింద చెయ్యి పెట్టి
వేళ్లతోనే ధర చెప్పేవాడు.
చెప్పకముందు
నోరు తెరిచి పళ్లు లెక్కపెట్టేవాడు,
పొదుగు పట్టి చూసేవాడు,
నాలుగడుగులు నడిపించేవాడు,
తోకెత్తి కూడా చూసేవాడు,
సిగ్గుపడితే నష్టపోతావురా అని.
"నీళ్లలో ఎనుమును బేరమాడేవోడు
కొమ్ములు మాత్రమే కొంటాడు."

ఇప్పుడు నా ముందరున్నవి కొమ్ములే.
ఏడు బొమ్మలు, అన్నీ ఒకే పక్కనుంచి.
కింద సన్నక్షరాలు:
దిగుమతి సరుకు, అసలుదే,
కంపెనీ వారంటీ లేదు, షాపు వారంటీ ఏడాది.
షాపు యాడుంది?
మ్యాపులో వెతికితే
ఆ నంబరు తలుపు మీద టైర్ల అంగడి.

అసలుదే. నేను కాదనను.
అదే ఫ్యాక్టరీ, అదే గాజు,
అదే చేతులు దానికి మర బిగించినాయి.
దారి మాత్రం వేరే.
వాకిట్లోంచి వచ్చినోడు చుట్టం.
పెరటిగోడ దూకి వచ్చినోడు,
వాడూ చుట్టమే,
కానీ కాలు విరిగితే
ఎవురూ ఆస్పత్రికి తీసుకపోరు.

మధ్యాన్నం గ్రీమ్స్‌పేటలో మస్తాన్‌వలిని అడిగితే
కంటి భూతద్దం తియ్యకుండానే అన్నాడు:
"రింగు జారితే నేను చూస్తా.
బూజు పడితే నేను చూస్తా.
లోపల చిప్పు పోయిందనుకో,
కంపెనీవోడు నంబరు కొట్టి
ఈ బిడ్డ మా ఊరిది కాదంటాడు.
నేనేం చెయ్యాలన్నా?"
కాసేపాగి, మెల్లగా,
"నా దగ్గరుండే మూడూ అట్లొచ్చినవే.
పదేండ్లైంది. ఏమీ కాలేదు."

ఆ రెండో మాట చెప్పకపోయుంటే
ఈపాటికి నిద్రపోయేవాణ్ణి.

పోయిన మాఘంలో కొన్న చవక ఫ్లాషు
సరిగ్గా జీలకర్ర బెల్లం వేళకు
కన్ను మూసింది. ఎనిమిది సెకన్లు.
ఆల్బంలో ఆ ఎనిమిది సెకన్లు లేవు.
పెండ్లికూతురి తల్లి ఏమీ అనలేదు.
మిగిలిన డబ్బులూ ఇవ్వలేదు.

అమ్మేవానికి మెసేజి పెట్టినా: బిల్లిస్తారా?
రెప్ప వేసేలోపల జవాబు:
బిల్లు వొద్దంటే ఇంకో మూడు వేలు తగ్గిస్తాం సార్.

నవ్వొచ్చింది.
ఈ సాయంత్రమే యాదమరి నుంచి మునివేలు వచ్చి
కూతురి పెండ్లికి అడ్వాన్సు పదివేలు
పంచె మడతలోంచి తీసి, రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చి
రసీదు అడిగితే
"మన మధ్య రసీదేంది మామా" అన్నది నేనే.

నేను మాత్రం ఏ బడిలో నేర్చుకున్నా ఈ పని?
తిరుపతిలో ఎవురి స్టూడియోలోనో
లైట్ల వైర్లు చుట్టి చుట్టి
గోడ దూకి వచ్చినోణ్ణే.
మునివేలు నా పళ్లు లెక్కపెట్టలేదు,
నాలుగడుగులు నడవమనలేదు.
మొగం చూసినాడు. అంతే.

పన్నెండు కావస్తా ఉంది.
ఇంకా రెండే మిగిలినాయని
ఎర్రక్షరాలు ఒణుకుతా ఉండాయి.
నిన్నా రెండే. మొన్నా రెండే.
తువ్వాలు కింద చెయ్యి పెడదామంటే
అవతల పట్టుకునే చెయ్యి లేదు,
గాజు మీద నా బొటనవేలు ఒక్కటే.

ఫోను బోర్లించి డ్రాయరు లాగినా.
స్టూడియో తెరిచిన ఏడు అచ్చేయించిన రసీదు పుస్తకం,
మొదటి కాగితం కూడా చించలేదు.
దుమ్ము ఊది రాసినా:
మునివేలు, యాదమరి, పదివేలు.
ఒత్తి రాసినా.

కార్బను ఎండిపోయినట్టుంది.
కింది కాగితం మీద
ఏమీ పడలేదు.